ఇంటి మూకుటిలో కాఫీ గింజ

కాఫీ మన దేశమునకు వచ్చిన కథ అందరును వినినదే. మక్కా యాత్రకు పోయిన బాబా బూదన్ అను సూఫీ సాధువు మోఖా రేవునుండి ఏడు గింజలను దాచి తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని చెప్పుదురు. పదునేడవ శతాబ్దపు మాట యిది. గింజలు ఏడో, అంతకు మించియో తేల్చువారు లేరు గాని, ఆ కొండలు నేటికిని బాబాబూదన్ గిరులనియే పిలువబడుచున్నవి. మేము చెప్పదలచినది కొండ దిగి వచ్చిన గింజ సంగతి.

వేయించిన పొడి పొట్లములు ఊరూర దొరకని కాలమున కాఫీకి అలవాటుపడిన కుటుంబములు పచ్చి గింజలనే కొనెడివి. వారమునకు చాలినన్ని మూకుటిలో వేయించి, చేతిమరలో పొడి చేసికొనెడివారు. ఇందులో ఆచారము కంటె లెక్కయే ఎక్కువ. తడి తగులకుండ దాచిన పచ్చి గింజ నెలల తరబడి చెడదు. వేయించిన గింజ కొన్ని వారములకే పస తగ్గును. పొడికి అంత ఆయువును లేదు.

అయితే ఆ గింజ ఏ తోటదో కొనువారికి తెలియకుండ చాలకాలము గడచినది. రెండవ ప్రపంచ యుద్ధమున ఐరోపా విపణులు మూతపడగా కాఫీ తోటలవారు దిక్కుతోచక యుండిరి. 1942 నాటి చట్టముతో కాఫీ బోర్డు వారి పంటనంతయు ఒక్కచోట చేర్చి, తరగతులుగా విడదీసి, వేలము వేయసాగెను. చిన్న రైతును అది కాపాడినదనుటలో సందేహము లేదు. కాని శ్రద్ధతో పండించినవాని గింజయు పొరుగువాని గింజయు ఒకే రాశిలో కలిసిపోయెను. అంగడిలో మిగిలినది తరగతి పేరు మాత్రమే. ‘ప్లాంటేషన్ ఏ’ యనగా కడిగి ఆరబెట్టిన అరబికాలో 6.65 మిల్లీమీటర్ల జల్లెడపై నిలుచు గింజ. ‘పీబెర్రీ’ యనగా పండులో ఒంటిగా పెరిగిన గుండ్రని గింజ. జల్లెడకు పరిమాణము తెలియును గాని రుచి తెలియదు గదా! ఈ కట్టుబాటు 1992 మొదలు సడలి, 1996 నాటికి పూర్తిగా తొలగెను. తోట పేరు మరల సంచిపైకి వచ్చినది. 2019లో బాబాబూదన్ గిరులు, చిక్కమగళూరు, కొడగు అరబికాలతోను, వయనాడు రోబస్టాతోను పాటు మన అరకులోయ అరబికాకును భౌగోళిక గుర్తింపు లభించెను. సిల్వర్ ఓక్ నీడలో, మిరియపు తీగెల నడుమ గిరిజనులు పండించు పంట అది.

కావున నేడు కొనువారు తరగతితో తృప్తిపడక, ఏ కొండది, ఏ యేటి పంట యని అడుగవలెను. అరబికా కోత సాధారణముగ నవంబరు మొదలు జనవరి వరకు సాగును. కడిగిన క్రొత్త గింజ నీలిపచ్చగ నుండును. పాతదైన కొలది తెల్లబారును. నల్లనివి, విరిగినవి ఏరివేయుట తప్పదు. ఒక్క కుళ్లిన గింజ గిన్నెడు కాఫీని చెరచును.

వేయించుటకు దళసరి ఇనుప మూకుడు చాలును. అడుగు నిండునంతకు మించి పోయరాదు. చేయి ఆపక కలుపవలెను. ముందు పచ్చిగడ్డి వాసన, పిదప కాల్చిన రొట్టె వాసన వచ్చును. అటుపై గింజలు పేలాల వలె చిటపటలాడును. ఆ చప్పుడు అణగిన కొలదిసేపటికి దించిన గింజలో కొండ రుచి నిలుచును. రెండవ మారు సన్నని చిటపట మొదలై నూనె పైకి తేలువరకు ఉంచిన చేదు హెచ్చును. మన చిక్కని డికాక్షనుకు కొందరు దానినే కోరుదురు. నల్లగ మాడ్చినచో ఏ తోటదైనను ఒక్కటే రుచి. దించినదే తడవుగ చేటలో పోసి చెరగిన పొట్టు ఎగిరిపోవును, వేడియు తగ్గును. నూరు తులములు పోసినచో ఎనుబది అయిదు తులములకు మించి రాలేదని చింతింపరాదు. పోయినది చాలవరకు నీరే.

ఆ పూటనే త్రాగవలెనను తొందర వలదు. గింజలోని బొగ్గుపులుసు వాయువు ఒకటి రెండు దినములు వెలికి వచ్చుచుండును. అంతవరకు డబ్బా మూత గట్టిగ బిగింపక, మూడవనాడు పొడి చేయుట మేలు.