తప్పిన చిరునామాలు

కంప్యూటర్ మెమరీ పొడవాటి వీధి లాంటిది. ప్రతి ఇంటికీ ఒక నంబరు. ఆ నంబరు రాసిపెట్టుకున్న చీటీయే పాయింటర్. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాష ఈ చీటీలను నేరుగా ప్రోగ్రామర్ చేతికిచ్చింది. మరుసటి ఏడు యూనిక్స్‌ను అందులోనే తిరగరాశారు. పని వేగంగా సాగేది. కానీ నంబరు సరైనదేనా, ఆ ఇంట్లో పాతవాళ్లే ఉన్నారా అని సి అడగదు. ఆ జాగ్రత్త రాసేవాడిదే.

ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ 1988 నవంబర్ 2న తగిలింది. అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన వర్మ్ సుమారు 6000 యంత్రాలకు పాకిందని అప్పటి అంచనా. అది దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే చిన్న సర్వీసు. 512 బైట్లు పట్టే చోటికి అది 536 బైట్లు పంపింది. గెట్స్ అనే ఫంక్షన్ చోటెంతుందో చూడకుండా అన్నీ రాసేసింది. పొర్లినవి ప్రోగ్రాం తిరిగి వెళ్లాల్సిన చిరునామానే మార్చేశాయి. ఆ గెట్స్‌ను సి ప్రమాణం నుంచి తీసేసింది 2011లో!

2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్‌ది చదవడంలో తప్పు. ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల దాకా పక్క మెమరీ బయటికి పోయేది. తాము సరిదిద్దే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీవేనని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పింది.

నేనూ ఈ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, విడుదల చేసేసిన మెమరీని మళ్లీ వాడాను. మా దగ్గర పరీక్షల్లో బాగానే నడిచింది. కస్టమర్ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయేది. మూడు వారాలు వెతికాం. "జాగ్రత్తగా రాయొద్దూ?" అన్నారు పెద్దలు. తర్వాత నా జూనియర్లకు నేనూ అదే చెబుతూ వచ్చాను.

2006లో గ్రేడన్ హోర్ సొంతంగా మొదలుపెట్టిన రస్ట్ భాష ఆ భారాన్ని కంపైలర్ మీద పెట్టింది. మొజిల్లా అండతో 2015 మేలో దాని 1.0 వెర్షన్ వచ్చింది. దాని నియమం మన లైబ్రరీ రిజిస్టరు లాంటిదే. వస్తువుకు యజమాని ఒక్కరే. అరువు తీసుకుని ఎందరైనా చదవచ్చు. దిద్దాలంటే మాత్రం ఆ సమయంలో ఒక్కరి చేతిలోనే ఉండాలి. యజమాని పోయాక అరువు చెల్లదు. ఇది తప్పితే ప్రోగ్రాం కంపైలే కాదు. అన్‌సేఫ్ అని రాసి కొన్ని తనిఖీలను దాటే వీలుంది కానీ, ప్రమాదం ఎక్కడుందో ఆ మాటే చూపిస్తుంది. 2022 డిసెంబర్‌లో లినక్స్ 6.1తో రస్ట్ ఆ కెర్నెల్‌లోకీ అడుగుపెట్టింది.

ఇప్పుడు జూనియర్ తప్పు చేస్తే "జాగ్రత్త" అని ఊరుకోవడం లేదు. ఆ తప్పును ముందే పట్టే నియమం మన దగ్గర ఎందుకు లేదని ముందు నన్ను నేనే అడుగుతున్నాను.