విశాలాంధ్ర సభాపతి

విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు తెలియనివారు ఉండరు. కూరగాయల బేరాల నడుమ నిలబడి ఆ కాళేశ్వరరావు ఎవరని అడిగితే మాత్రం జవాబు దొరకడం కష్టం. ఆయన అయ్యదేవర కాళేశ్వరరావు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి సభాపతి. 1956 డిసెంబరు 4న ఆ ఆసనమెక్కి, 1962 ఫిబ్రవరిలో కన్నుమూసేవరకూ అందులోనే ఉన్నారు. స్వాతంత్ర్య సమరయోధుడు అన్న ఒక్క ముక్కతో ఇటువంటివారిని సాగనంపడం మనకు అలవాటు. కానీ ఆయన చివరి ఆరేళ్ళలో ఒక చిక్కుముడి ఉన్నది. ఏ రాష్ట్రం ఏర్పడాలని ఆయన ఊరూవాడా వాదించారో, ఆ రాష్ట్రపు సభలోనే ఎవరి పక్షమూ వహించని మనిషిగా కూర్చోవలసి వచ్చింది.

కాళేశ్వరరావుగారు కృష్ణాజిల్లా నందిగామవారు. బెజవాడలో న్యాయవాది. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టినప్పుడు కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావుగార్లతోబాటు ఆయనా ఉన్నారు. చరిత్రను, విజ్ఞానశాస్త్రాన్ని తెలుగులో చదివించాలన్నది ఆ మండలి పూనిక. ఆయన కలం కూడా ఆ దారినే సాగింది. ఫ్రెంచి విప్లవం, ఈజిప్టు, తురుష్కదేశం, చీనా జాతీయోద్యమం, వీటన్నిటినీ తెలుగు పాఠకుని ముంగిటికి తెచ్చారు. సింహాసనాలు కూలి ప్రజాసభలు లేచిన దేశాల కథలే ఆయన ఏరుకున్నారు. ఇది యాదృచ్ఛికమని నేననుకోను.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమైంది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న తీర్మానం అక్కడిదే. పింగళి వెంకయ్యగారు పతాకాన్ని గాంధీగారికి చూపించిందీ అప్పుడే. ఆనాటి బెజవాడ కాంగ్రెసు పెద్దలలో కాళేశ్వరరావుగారు ముఖ్యులు. పురపాలక సంఘాధ్యక్ష పదవి, మద్రాసు శాసనసభ సభ్యత్వం, జైలు, అన్నీ ఆయన చూశారు.

అసలు కథ 1949తో మొదలు. ఆ యేట ఏర్పడిన విశాలాంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులు. అప్పటికి మద్రాసు నుండి ఆంధ్ర విడివడనే లేదు. నిజాం రాజ్యం భారతదేశంలో కలిసి ఏడాది దాటిందంతే. తెలుగువారందరికీ ఒకే రాష్ట్రం కావాలన్న ఆ కోరిక కాంగ్రెసువారి సొంతమూ కాదు. 1946లోనే పుచ్చలపల్లి సుందరయ్యగారు 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' వ్రాశారు. 1955 ఎన్నికలలో కాళేశ్వరరావుగారు విజయవాడ నుండి, సుందరయ్యగారు పక్కనే ఉన్న గన్నవరం నుండి గెలిచారు. ఆ విధంగా కొత్త రాష్ట్రపు సభలో సభాపతీ, ప్రతిపక్ష కమ్యూనిస్టుల నాయకుడూ ఇద్దరూ కృష్ణాజిల్లా ప్రతినిధులే. అన్నిటా ఎడమొహం పెడమొహమైనా, రాష్ట్రం విషయంలో మాత్రం ఒకే మాటవారు.

అది అందరి మాట కాదు. తెలంగాణ నాయకులలో చాలామందికి విలీనంపై శంకలుండేవి. అందుకే 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం వ్రాసుకోవలసి వచ్చింది. నవంబరు 1న రాష్ట్రం అవతరించింది. సభ హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో, 1913 నాటి టౌనుహాలు భవనంలో సమావేశమైంది. ఒక వైపు కర్నూలు నుండి తరలివచ్చినవారు, మరొక వైపు హైదరాబాదు రాష్ట్ర సభలో కూర్చుని ఉర్దూకు అలవాటుపడినవారు. తెలంగాణలో 1957లో ఎన్నికలు జరిగాయి, ఆంధ్రప్రాంతంలో జరగలేదు. 1955లో గెలిచిన 196 మంది, 1957లో గెలిచిన 105 మంది, కలిసి 301 మంది 1962 వరకూ ఒకే సభగా నడిచారు. ఒకరి పదవీకాలం ఏడేళ్ళు, మరొకరిది అయిదు! ఇంత అతుకులబొంతను మరే సభాపతికైనా అప్పగించారా అని సందేహం.

సభాపతి తటస్థతకు ఒక్కో దేశానిది ఒక్కో తీరు. బ్రిటనులో ఎన్నికైన వెంటనే పార్టీని విడిచిపెడతాడు. స్వీడనులో సభాపతికి ఓటే లేదు. సభ్యుడిగా ఆయన పని ఒక ప్రత్యామ్నాయ సభ్యుడు చేస్తాడు. మన రాజ్యాంగపు 189వ అధికరణం ఓట్లు సమానమైతేనే సభాపతి ఓటు వేయాలంటుంది, పార్టీని వదలమనదు. పార్టీకి దూరంగా ఉండడం అభ్యాసంతో వస్తుంది. కానీ సభ పుట్టుకకే కారణమైన వాదానికి దూరంగా ఉండడం ఎట్లా? తెలంగాణ సభ్యుని కంటికి ఆయన సభాపతి కంటె ముందు విశాలాంధ్ర అధ్యక్షుడు. ఆ ఎంపికలో గెలిచినవారి ధీమా కొంత ఉన్నదని నా అభిప్రాయం. ఉపసభాపతిగా తెలంగాణ నుండి కొండా లక్ష్మణ్ బాపూజీని ఎన్నుకోవడం ఆ ధీమాకు కొంత విరుగుడు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం మంత్రిపదవిని వదులుకున్నది ఈ బాపూజీయే.

1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణ శాసనసభ్యుల ప్రాంతీయ సంఘం ఏర్పడింది. ఒకే సభలో మరొక చిన్న సభ అన్నమాట. అదే సంవత్సరం జులైలో శాసనమండలి వచ్చింది. దాని తొలి అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. నిజాం రాజ్యంలో తెలుగుకు తావు లేని కాలంలో గ్రంథాలయాలు, ఆంధ్రమహాసభ నిలబెట్టి ఆంధ్ర పితామహులనిపించుకున్న ఆయన పుట్టిందీ నందిగామ తాలూకాలోనే. ఒకరు బెజవాడకూ, మరొకరు హైదరాబాదుకూ వెళ్ళి, అర్ధశతాబ్దం తరువాత ఒకే రాజధానిలో ఉభయసభల ఆసనాలపై కూర్చున్నారు.

కాళేశ్వరరావుగారు తన ఆత్మకథకు 'నవ్యాంధ్రము - నా జీవిత కథ' అని పేరు పెట్టుకున్నారు. ఆయన 1962 ఫిబ్రవరి 26న మరణించారు. మార్చిలో కొత్త సభ బి.వి. సుబ్బారెడ్డిగారిని సభాపతిగా ఎన్నుకున్నది. ఆయన కోరుకున్న రాష్ట్రం 2014 జూన్ 2న రెండయింది.