పద్దుకెక్కిన మనుషులు: ఈక్విఫాక్స్ చరిత్ర

అప్పిచ్చేవాడు అప్పు పుచ్చుకునేవాణ్ణి గురించి ఆరా తీయడం కొత్త సంగతి కాదు. మన పల్లెల్లో షావుకారు చిట్టా చెప్పేదీ అదే: ఎవడు వాయిదాకు కడతాడు, ఎవడు పంట చేతికొచ్చినా ముఖం చాటేస్తాడు. అయితే ఆ చిట్టా గల్లాపెట్టె పక్కనే వుండేది. అది బజారులో అమ్మే వస్తువు కాదు. చిట్టాయే సరుకైనప్పుడు మనిషి ఏమవుతాడు? ఆ సరుకు దొంగలపాలైతే నష్టపడేది ఎవరు? ఈ ప్రశ్నలకు సమాధానం అమెరికాలోని ఈక్విఫాక్స్ కంపెనీ చరిత్రలో దొరుకుతుంది.

1899లో కేటర్ వుల్‌ఫర్డ్, గై వుల్‌ఫర్డ్ అనే అన్నదమ్ములు అట్లాంటా నగరంలో రిటైల్ క్రెడిట్ కంపెనీని స్థాపించారు. ఎవరు సకాలంలో చెల్లిస్తారు, ఎవరు ఆలస్యం చేస్తారు, ఎవరికి రొక్కం మీదనే సరుకు ఇవ్వాలి అన్న వివరాలు దుకాణాల నుంచి సేకరించి, పుస్తకంగా వేసి వర్తకులకు అమ్మేవారు. తరువాత బీమా కంపెనీలు కూడా వారి కొనుగోలుదారులైనాయి. బీమా కంపెనీకి బాకీల లెక్క చాలదు. మనిషి ఆరోగ్యం, అలవాట్లు, నడవడి అన్నీ కావాలి. కంపెనీ మనుషులు ఇరుగుపొరుగు వారిని అడిగి అవన్నీ రాసుకునేవారు. 1960ల చివరికి ఆ దస్త్రాలు కోట్ల సంఖ్యకు చేరినాయి. అందులో నిజం పాలెంతో, పుకారు పాలెంతో తేల్చే దారి లేదు. తనను గురించి ఏమి రాశారో చూసుకునే హక్కు ఆ మనిషికి చట్టరీత్యా లేదు. ఆలన్ వెస్టిన్ వంటి పండితులు దీన్ని గట్టిగా విమర్శించారు. 1970లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసి ఆ హక్కును కొంతవరకు కల్పించింది. 1975లో కంపెనీ ఈక్విఫాక్స్ అని పేరు మార్చుకున్నది.

పేరు మారింది. కాగితాల దస్త్రాలు కంప్యూటర్లకెక్కినాయి. కాని మూలసంబంధం మారలేదు. బ్యాంకులు, బీమా సంస్థలు, యజమానులు - వీరే కంపెనీకి ఖాతాదారులు. దస్త్రంలో వున్న మనిషి ప్రధానంగా సరుకు మాత్రమే. సరుకును అడిగి వ్యాపారం చేసేవాడెవడు?

ఈ సంబంధం అసలు రూపం 2017లో బయటపడింది. ఆ ఏడు మార్చి 7న అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేరులో ఒక లోపం వెల్లడైంది. దాన్ని పూడ్చే సవరణ కూడా సిద్ధంగానే వుంది. మర్నాడే ప్రభుత్వ విభాగం హెచ్చరించింది. రెండు రోజుల్లో సరిచేయమని కంపెనీలో ఉత్తర్వు కూడా వెళ్ళింది. కాని ప్రజల ఫిర్యాదులను స్వీకరించే ఒక పాత వ్యవస్థ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మే 13న ఆ సందులోంచి దొంగలు దూరారు. రహస్యలిపిలోకి మార్చకుండా దాచిన పాస్‌వర్డులు వారికి లోపల దొరికినాయి. వాటితో మరి 48 సమాచార నిధుల తలుపులు తెరుచుకున్నాయి. రాకపోకలను కనిపెట్టవలసిన పరికరం, దాని సర్టిఫికెట్ గడువు ఎన్నడో ముగిసినందువల్ల, గుడ్డిదై వుంది. జూలై 29న సర్టిఫికెట్ మార్చగానే దొంగతనం కనిపించింది. ప్రజలకు చెప్పినది సెప్టెంబరు 7న. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత ఇక్కడ మరికాస్త ముదిరింది. ఇక్కడ కుక్కలు మొరిగిన తరువాత కూడా ఇంటివాళ్ళకు కబురు అందడానికి నలభై రోజులు పట్టింది. ఈలోగా సంగతి పసిగట్టిన ఒక ఉన్నతాధికారి తన వాటాలు అమ్ముకున్నాడు. ఆ నేరానికి 2019లో అతనికి జైలుశిక్ష పడింది.

దాదాపు 14.7 కోట్ల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు పోయినాయి. తాళం పోతే తాళం మార్చుకోవచ్చు. పుట్టిన తేదీని ఎవరు మార్చుకోగలరు?

పదవి వదులుకున్న కంపెనీ అధిపతి రిచర్డ్ స్మిత్ అక్టోబరులో కాంగ్రెసు ముందు హాజరై, ఒక ఉద్యోగి కబురు అందించకపోవడాన్ని కారణంగా చూపాడు. లక్షల కోట్ల అంకెల కోట, ఒక్క గుమాస్తా మతిమరుపుతో కూలిపోయేట్టు కట్టినది ఎవరు? 2018 డిసెంబరులో ప్రతినిధుల సభ కమిటీ నివేదిక, ఈ చోరీ పూర్తిగా నివారించదగినదేనని చెప్పింది. 2005 నుంచి కంపెనీ వరుసగా ఇతర సంస్థలను కొని, వాటి సమాచారాన్నీ యంత్రాలనూ పోగుచేసుకుంటూ పోయిందనీ, భద్రత దానికి తగినట్టు పెరగలేదనీ ఎత్తిచూపింది. 2020లో అమెరికా ప్రభుత్వం నలుగురు చైనా సైనికుల మీద నేరారోపణ చేసింది. దొంగ ఎవరైనా దొంగే. కాని అంత సొత్తును ఒకచోట కుప్పపోసి, తలుపు వేయనివాడి బాధ్యత దానితో తీరదు.

2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ 70 కోట్ల డాలర్ల వరకు చెల్లించాలి. రొక్కం కోరినవారికి మనిషికి 125 డాలర్లన్నారు. అందుకు కేటాయించినది 3.1 కోట్ల డాలర్లు. అంటే పూర్తి మొత్తం అందేది 2,48,000 మందికే. కొద్దిరోజుల్లోనే, రొక్కం బదులు ఉచిత పర్యవేక్షణ సేవ ఎంచుకోమని ప్రభుత్వ కమిషనే ప్రజలకు సలహా ఇచ్చింది. ఆ సేవ చేసేదీ ఇలాంటి కంపెనీలే!

ఇది పరాయిదేశపు కథ అనుకోరాదు. 2005 నాటి చట్టం కింద, 2010 నుంచి ఈక్విఫాక్స్ మన దేశంలోనూ పనిచేస్తున్నది. ఇట్లాంటి సంస్థలే వుండకూడదని నా వాదం కాదు. తాకట్టు పెట్టడానికేమీ లేనివాడికి మంచి పద్దు అప్పు పుట్టించవచ్చు. కాని పద్దు పోతే ఆ నష్టం ఎవరు భరించాలి? ఈక్విఫాక్స్ ప్రకటనకు సరిగ్గా రెండు వారాల ముందు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. 2023 నాటి సమాచార రక్షణ చట్టం, నిర్లక్ష్యం చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చునన్నది. ఆ జరిమానా చేరేది ప్రభుత్వ సంచిత నిధికి. బాధితుడు పరిహారం కోరడానికి పూర్వం వీలిచ్చిన 43ఏ సెక్షన్‌ను తొలగించమని నిర్దేశించినదీ ఆ చట్టమే.

పద్దు రాసినవాడికి లాభం, పద్దుకెక్కినవాడికి నష్టం, మధ్యలో ఖజానాకు జరిమానా! అట్లాంటా చరిత్ర మనకు నేర్పవలసిన పాఠం ఒక్కటే. మనిషి తన పద్దుకు తానే యజమాని అని చట్టం అంగీకరించేవరకు, ఎన్ని తాళాలు వేసినా భద్రత కంపెనీకే గాని మనిషికి కాదు. ఆ అంగీకారం దానంతట అది రాదు, అడిగి సాధించుకోవాలి.