మద్యపాన విముక్తి బృందాలు: ఆచూకీ, హాజరు, గోప్యత

మద్యం మానదలచినవారు నియమిత దినాలలో ఒకచోట కూడి, తమ అనుభవాలను పరస్పరం చెప్పుకొంటూ ఆ నిర్ణయాన్ని నిలుపుకొనే సమావేశాలను మద్యపాన విముక్తి బృందాలుగా వ్యవహరిస్తున్నారు. వీటిని స్వయం సహాయక బృందాలని కూడ అంటారు. అయితే మన ప్రాంతంలో ఆ మాట వినగానే మహిళల పొదుపు సంఘమే స్ఫురిస్తుంది గనుక, విచారించేటప్పుడు "ఏ.ఏ. మీటింగ్" అని అడగడమే మేలు.

ఏ.ఏ. అనగా ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ నగరంలో బిల్ విల్సన్, శస్త్రవైద్యుడైన డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు వ్యసనపీడితుల కలయికతో ఇది ఆరంభమైనది. భారతదేశంలో 1957 నుండి కొనసాగుతున్నది. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలలో దీని బృందాలు కలవు.

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో సాగించిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు పాత్రికేయులకు విదితమే. దుకాణాలు మూతపడిన వైనంపై నాడు వెలువడిన వార్తలకు లెక్కలేదు. మానదలచిన మనిషి ఆ సాయంత్రం ఎక్కడికి వెళ్లాలన్నదానిపై వెలువడినవి మాత్రం స్వల్పం. మా శాఖ ప్రకటనలు కూడ ఇందుకు మినహాయింపు కావు.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ 2019లో సమర్పించిన జాతీయ నివేదిక ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరు మాత్రమే ఏదైనా చికిత్స లేదా సహాయం పొందినట్లు తెలిపారు.

బృందం ఆచూకీ తెలుసుకొనుటకు ముందుగా వ్యసన విముక్తి జాతీయ సహాయ కేంద్రం 14446కు ఫోను చేయవచ్చును. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416 కలదు. ఈ రెండూ ఉచితమే. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాలలోనూ విచారించవచ్చును. సమావేశ స్థలం వద్ద పెద్ద బోర్డు ఉంటుందని ఆశించరాదు. పాఠశాల గదిలోనో, చర్చి ఆవరణలోనో, కమ్యూనిటీ హాలులోనో జరుగుతుంటుంది. చర్చిలో జరిగినంత మాత్రాన అది మతసంస్థ కాదు. వేళలు, స్థలాలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు ఫోనులో నిర్ధారించుకోవలెను. సమావేశం ఏ భాషలో సాగుతుందో కూడ అప్పుడే అడగడం మంచిది; నగరాలలో అన్నీ తెలుగులోనే జరగవు.

ఒక హెచ్చరిక అవసరం. ఏళ్ల తరబడి ప్రతిదినం అధికంగా తాగినవారు ఒక్కసారిగా మానివేసినచో వణుకు, చెమటలు, నిద్రలేమి, కొందరిలో మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం సంభవించవచ్చును. మొదటి రెండు మూడు దినాలు కీలకమైనవి. ఇట్టివారిని ముందుగా వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లవలెను. బృందం ఆసుపత్రికి ప్రత్యామ్నాయం కాదు. మందు మాన్పించిన తరువాత మళ్లీ పట్టకుండా చూసేది.

సభ్యత్వానికి కావలసిన అర్హత తాగుడు మానాలనే కోరిక ఒక్కటే. రుసుము లేదు. ఖర్చులకు సభ్యులే తోచినంత వేస్తారు. బయటి విరాళాలు స్వీకరించరు. సమావేశం సుమారు గంట, గంటన్నర సాగుతుంది. వంతు వచ్చినవారు తమ గురించి చెబుతారు, మిగిలినవారు వింటారు. మధ్యలో సలహాలు, వాదనలు ఉండవు. కొత్తగా వచ్చినవారు మౌనంగా కూర్చున్నా ఎవరూ ఆక్షేపించరు. పన్నెండు సోపానాల విధానంలో దైవప్రస్తావన ఉన్నది. అయితే ఆ దైవం ఎవరికి తోచిన రీతిలో వారిది. మొదటి సమావేశం నచ్చకపోతే వేరొక బృందానికి వెళ్లి చూడవచ్చును. 27 అధ్యయనాలను పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష, పూర్తిగా మానివేసి ఉండే విషయంలో ఈ మార్గం ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నింటికన్నా మెరుగని తేల్చినది.

ఇక పాత్రికేయ మిత్రులకు, అధికారులకు ప్రత్యేకించి మనవి. అనానిమస్ అన్న మాటకు అజ్ఞాతమని అర్థం. పత్రికలలో, రేడియోలో, దృశ్యమాధ్యమాలలో సభ్యుల పేర్లు, ముఖాలు రాకుండుట ఈ సంస్థ పాటించే సంప్రదాయం. మూసిన సమావేశాలు సమస్య ఉన్నవారికి మాత్రమే. బహిరంగ సమావేశాలకు విలేకరులు ముందుగా అడిగి వెళ్లవచ్చును. కెమెరా బయటనే ఉంచవలెను. మసకబరచిన ఛాయాచిత్రంలోనూ చొక్కాను బట్టి, నిలుచున్న తీరును బట్టి ఊరివారు మనిషిని పోల్చుకొంటారు. అట్టి ఒక్క చిత్రంతో ఆ మనిషే కాక, పక్క కుర్చీలోని నలుగురు కూడ రావడం మానివేస్తారు.

సిబ్బందిని బృందానికి పంపదలచిన అధికారులు హాజరు ధ్రువపత్రం కోరుట తగదు. బృందాల వద్ద సాధారణంగా హాజరు పట్టిక ఉండదు. చికిత్స వివరాల గోప్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వ్యక్తి హక్కు. కాగితంపై చిరునామా, వేళ రాసి చేతికిచ్చి, ఆ సాయంత్రం డ్యూటీ నుండి కాస్త ముందుగా వదలినచో చాలును.

తాగేవారు రానన్నప్పటికీ కుటుంబసభ్యులు ఆగనవసరం లేదు. వారికోసం 1951లో ఏర్పడిన అల్-అనాన్ బృందాలు వేరుగా ఉన్నవి. వీటి వివరాలు స్థానిక ఏ.ఏ. సభ్యుల ద్వారా తెలుసుకోవచ్చును.