ఇంటికి ఫోన్ వచ్చింది, చదువుకు ఎంత పనికొస్తోంది?

ప్రభుత్వ బడి పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు చాలా పాఠాల పక్కన ఒక క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోనో, అభ్యాస ప్రశ్నలో తెరుచుకుంటాయి. దీని వెనకున్న వేదిక పేరు దీక్ష. కేంద్రం దీన్ని 2017 సెప్టెంబరులో ప్రారంభించింది. ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తయారు చేసిన సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఇది నడుస్తుంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పాఠం చూడొచ్చు. సిగ్నల్ సరిగా అందని ఊళ్లకు ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

స్కాన్ చేయడానికి ఇంట్లో ఫోన్ ఉందా అన్నది కొన్నేళ్ల కిందటి ప్రశ్న. గ్రామీణ ప్రాంతాల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం, 2018లో బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో 36.5 శాతం మందికే స్మార్ట్‌ఫోన్ ఉండేది. 2022 నాటికి అది 74.8 శాతానికి చేరింది. 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇంట్లో ఫోన్ ఉందని తేలింది. అయితే, ఫోన్ వాడటం వచ్చిన పిల్లల్లో అంతకు ముందు వారం ఏదైనా చదువు పనికి దాన్ని వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా చూసినవారు 76 శాతం.

ఈ రెండు అంకెల మధ్య తేడాకు పిల్లల క్రమశిక్షణనే కారణంగా చూపడం తేలిక. కానీ, పరిశోధనలు ఇంకో వైపు చూపిస్తున్నాయి. తెర మీద పాఠం ఉండటం వేరు, ఆ పాఠం విద్యార్థి చెప్పిన జవాబును విని ముందుకు సాగడం వేరు. ఫలితం కనిపించింది ఎక్కువగా రెండో చోటే.

పాత ప్రయోగం, కొత్త తెరలు

బడికి తెరను తెచ్చే ఆలోచన కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ‘సైట్’ ప్రయోగం చేసింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు విద్య, వ్యవసాయం, ఆరోగ్యం మీద కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో తెలుగు కూడా ఒక భాష. ఊరంతటికీ ఒకే టీవీ. పిల్లలు గుంపుగా కూర్చుని చూసేవారు. అర్థం కాకపోతే టీవీని అడగలేరు.

నలభై అయిదేళ్ల తర్వాత, కోవిడ్ బడులను మూసేసినప్పుడు ప్రభుత్వాలు మళ్లీ టీవీనే ఆశ్రయించాల్సి వచ్చింది. దానికి కారణం ఉంది. 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కల్లో గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ అందుబాటు 14.9 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం మాత్రమే. కేరళ 2020 జూన్ 1న విక్టర్స్ ఛానల్‌లో ‘ఫస్ట్ బెల్’ పాఠాలు మొదలుపెట్టింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా తరగతులు నడిచాయి. కేంద్రం పీఎం ఈ-విద్య కింద ‘తరగతికో ఛానల్’ చొప్పున 12 ఛానళ్లు తెచ్చింది. వాటిని 200కు పెంచుతామని 2022-23 బడ్జెట్‌లో ప్రకటించింది. ఏమీ లేని చోట ఇవి ఆదుకున్నాయన్నది నిజం. సైట్ కాలం నాటి లోటు మాత్రం అలాగే ఉండిపోయింది.

టాబ్ ఇచ్చాక

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్మోహన్‌రెడ్డి ఎనిమిదో తరగతి విద్యార్థులకు టాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. రాష్ట్రవ్యాప్తంగా సుమారు 4.6 లక్షల మంది విద్యార్థులకు, 59 వేల మంది ఉపాధ్యాయులకు వాటిని కేటాయించారు. లోపల బైజూస్ పాఠాలను ముందే లోడ్ చేసి ఇచ్చారు. మరుసటి ఏడాది ఎనిమిదిలోకి వచ్చినవారికీ ఇచ్చారు. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. పరికరం మన్నిక గురించి అడిగినంతగా, అందులోని పాఠాన్ని రేపు ఎవరు సవరిస్తారు, సిలబస్ మారితే ఎవరు మారుస్తారు అని అడగడం మన దగ్గర తక్కువ. టెండర్ పత్రాల్లో ముందుగా తేల్చుకోవాల్సిన సంగతి అదే.

పరికరం ఒక్కటే ఇస్తే ఏమవుతుందో పెరూ దేశం చూసింది. అక్కడ 319 ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన అధ్యయనంలో, ల్యాప్‌టాప్‌లు అందిన పిల్లలకు, అందనివారికి మధ్య గణితం, భాషల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఎక్కడ ఉన్నారో అక్కడి నుంచి

ఇందుకు భిన్నమైన ఫలితం దిల్లీలో వచ్చింది. 2015లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గానిమియన్ ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే 619 మంది విద్యార్థులను తీసుకుని, బడి తర్వాత నడిచే కేంద్రాల్లో ఎవరికి సీటు ఇవ్వాలో లాటరీతో తేల్చారు. నాలుగున్నర నెలల తర్వాత ఇద్దరినీ పోల్చితే, సీటు దొరికిన పిల్లలు గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. అంత తక్కువ కాలంలో ఇది పెద్ద మెరుగుదల. 2019లో ఈ అధ్యయనం అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది.

ఎందుకు పనిచేసిందన్నది ఇక్కడ అసలు విషయం. ఆ పిల్లల్లో ఆరో తరగతివారు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులకు పెరిగింది. అంటే టీచరు తొమ్మిదో తరగతి బీజగణితం చెబుతుంటే, ఎదురుగా కూర్చున్న విద్యార్థికి భిన్నాల దగ్గరే ఆగిపోయిన లెక్కలు ఉంటాయి. నలభై మందిలో ఒక్కొక్కరు ఒక్కో చోట ఆగిపోతే ఏ టీచరు ఏం చేయగలరు? సాఫ్ట్‌వేర్ ప్రతి జవాబును చూసి తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటుంది. తప్పు ఎక్కడ జరుగుతోందో గుర్తిస్తుంది. భిన్నాలు రాని పిల్లాడికి భిన్నాలే ఇస్తుంది, తొమ్మిదో తరగతి అని మొహమాటపడదు.

ఈ కేంద్రాల్లో మరో సగం కూడా ఉంది. రోజూ 45 నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఇంకో 45 నిమిషాలు చిన్న బృందాలుగా ఒక బోధకుడి దగ్గర చదివేవారు. ఈ ఫలితాన్ని చూపించి సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఆ బోధకుడి సంగతి పెద్దగా ఎత్తరు.

మామూలు ఫోన్ కాల్ చేసిన పని

స్మార్ట్‌ఫోన్ కూడా అవసరం లేని పద్ధతి ఒకటి 2020లో బోట్స్‌వానాలో బయటపడింది. బడులు మూతపడినప్పుడు సుమారు 4,500 కుటుంబాలతో నోమ్ ఆంగ్రిస్ట్ తదితరులు ప్రయోగం చేశారు. కొందరికి వారం వారం లెక్కలను ఎస్సెమ్మెస్‌గా పంపారు. మరికొందరికి ఎస్సెమ్మెస్‌తో పాటు 15, 20 నిమిషాలు ఫోన్ చేసి, పిల్లలతో లెక్క చేయించారు. ఒట్టి ఎస్సెమ్మెస్‌లతో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. ఫోన్ కాల్ కలిసిన చోట పిల్లల లెక్కలు మెరుగయ్యాయి. తర్వాత ఇదే పద్ధతిని భారత్, నేపాల్, ఫిలిప్పీన్స్, కెన్యా, ఉగాండాల్లో పరీక్షించారు. కొన్ని చోట్ల ప్రభుత్వ టీచర్లు, మరికొన్ని చోట్ల స్వచ్ఛంద సంస్థల సిబ్బంది ఫోన్ చేశారు. ఇద్దరి దగ్గరా ఫలితం వచ్చింది.

గ్రామీణ బంగ్లాదేశ్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థులు స్వచ్ఛందంగా ప్రాథమిక తరగతుల పిల్లలకు, వాళ్ల అమ్మలకు ఫోన్ చేసి చదువులో సాయపడ్డారు. పిల్లల మార్కులు పెరగడంతో పాటు తల్లులు వారి చదువు మీద గడిపే సమయం కూడా పెరిగింది.

మన బడుల్లో ఈ పనికి దగ్గరగా ఉన్నది తరగతి వాట్సాప్ గ్రూపు. హోంవర్క్ ఫొటో, సెలవు కబురు, పరీక్షల తేదీలు అందులోనే వస్తాయి. 2025 జనవరిలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ‘మన మిత్ర’ వాట్సాప్ సేవల్లో పరీక్షల హాల్‌టికెట్లు కూడా ఇస్తున్నారు. కబురు చేరవేయడంలో ఇవి బాగా పనిచేస్తాయి. కానీ యాభై మంది తల్లిదండ్రులు ‘ఓకే సార్’ అని పెట్టే గ్రూపులో, ఒక తల్లి తన బిడ్డ ఎక్కడ వెనకబడిందో అడగడం కష్టం. అదీ చదవడం రాని తల్లి అయితే మరీ కష్టం. 15, 20 నిమిషాల ఫోన్‌కాల్ బోట్స్‌వానాలో చేసిన పనిని ఈ గ్రూపు చేయలేదు.

చూపు లేని విద్యార్థుల విషయంలో మాత్రం సాంకేతికత విలువను వాదించి చెప్పాల్సిన పని లేదు. తెలుగు చదివి వినిపించే ఈ-స్పీక్, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ వల్ల, చదివిపెట్టే మనిషి కోసం ఎదురుచూడకుండానే పుస్తకం అందుతోంది. పీడీఎఫ్‌ను బొమ్మలా స్కాన్ చేసి పెడితే మాత్రం స్క్రీన్ రీడర్ చదవలేదు. తెలుగు పుస్తకాలు ఇప్పటికీ ఎక్కువగా ఆ రూపంలోనే దొరుకుతాయి.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

ఇంట్లో ఫోన్ ఉందంటే అమ్మాయి చేతిలో ఉందని కాదు. 14 నుంచి 18 ఏళ్లవారిపై జరిగిన 2023 అసర్ సర్వేలో, ఫోన్ వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంది. అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉంది.

ఇదే సంగతి కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. కోజికోడ్ జిల్లాలోని ఒక కళాశాల బాలికల హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు, అంటే సరిగ్గా చదువుకునే వేళ, ఫోన్ వాడకూడదని నిబంధన పెట్టారు. ఒప్పుకోని బీఏ విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు హక్కు విద్యాహక్కులోనూ, రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద గోప్యత హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో జస్టిస్ పి.వి.ఆశ తీర్పు ఇచ్చారు. ఆ విద్యార్థినిని తిరిగి హాస్టల్‌లో చేర్చుకోవాలని ఆదేశించారు.

ఫోన్ చేతికి వచ్చాక ఇంకో ప్రశ్న మొదలవుతుంది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2022లో 49 దేశాల్లోని 163 విద్యా యాప్‌లు, వెబ్‌సైట్లను పరిశీలించింది. 145 చోట్ల పిల్లల సమాచారాన్ని వాడుతున్న తీరు వారి హక్కులకు ప్రమాదకరంగా ఉందని చెప్పింది. పరిశీలించినవాటిలో దీక్ష కూడా ఉంది. భారత్ 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి లేనిదే వారి సమాచారం తీసుకోకూడదంటుంది. వారి కదలికలను వెంబడించి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. అయితే, ఫోన్ తల్లిదే అయినా, యాప్ పెట్టి ఓటీపీ కొట్టేది తొమ్మిదో తరగతి చదివే కూతురే అయిన ఇంట్లో ఆ సమ్మతి ఎవరిదో తేల్చడం అంత సులువు కాదు.