ఫోన్ల పోస్టు పెడితే ఠాణాకేనా?

2025 జూన్‌ల అలంపూర్ కోర్టుకు పెద్దధన్వాడ రైతులను బేడీలేసి తోల్కొచ్చిన్రు. రాజోలి మండలంల ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని కొట్లాడి అరెస్టయినోళ్లు వాళ్లు. ఆ ఫొటో గద్వాల దాటి రాష్ట్రమంత తిరిగింది. ఆ వెంటనే పోలీసు సిబ్బంది మీద సస్పెన్షన్ వేటు పడ్డది. బేడీలేసుడు రివాజు కావొద్దని సుప్రీంకోర్టు 1980లనే చెప్పింది. గని ఆ తీర్పు ఊర్లె ఎవ్వరు చదువుతరు? ఫొటో మాత్రం అందరు చూసిన్రు.

నాగర్‌కర్నూల్ దిక్కు ఇంకా పెద్ద ముచ్చట. 2019 మే నెలల అమ్రాబాద్ పులుల అడవిల 83 చదరపు కిలోమీటర్లల యురేనియం సర్వేకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగ ఒప్పుకున్నది. అమ్రాబాద్, పదర, మన్ననూర్ దిక్కు జనం రోడ్డెక్కిన్రు. చెంచు పెంటల గోసను పట్నం దాకా మోసింది 'సేవ్ నల్లమల' హ్యాష్‌ట్యాగ్. సినిమావాళ్లు గూడ రాసిన్రు. సెప్టెంబర్ 16న అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఒక్క ట్వీట్లతోనే అయ్యిందంటే ఎండల కూసున్నోళ్లను తక్కువ చేసినట్టే. రెండూ కావాల్సొచ్చినయ్.

గందుకే పోస్టుల మీద కేసంటే ఒక్క పోరనికి వచ్చిన తిప్పల కాదు, ఊరి నోరు కట్టేసుడు. చట్టం ఏమంటదో జర చూద్దాం. మనసు నొచ్చుకునే పోస్టు పెట్టినా జైలుకు పంపే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. మన హైకోర్టు 2025 సెప్టెంబర్‌ల ఇంకా గట్టిగ చెప్పింది: పరువు తీసిన్రని కేసు రాసే ముందు, ఫిర్యాదు చేసినాయన నిజంగ నష్టపోయిన మనిషేనా చూడాలె. రాజకీయ విమర్శ ఘాటుగున్నదని కేసు పెట్టొద్దు. కేసయినంత మాత్రాన అరెస్టు చేయొద్దు. కులం పేరుతోని తిట్టుడు, ఆడపిల్లల ఫొటోలు మార్చి పెట్టుడు మాత్రం నేరాలే. వాటికి ఈ అండ ఉండదు, ఉండొద్దు గూడ.

ఏడేండ్ల లోపు శిక్ష పడే నేరాలకు అరెస్టు అవసరం లేదనుకుంటే, బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షన్ కింద నోటీసు ఇయ్యాలె. అది వాట్సాప్‌ల పంపితే చెల్లదని 2025 జనవరిల సుప్రీంకోర్టు తేల్చింది. చేతికిచ్చిన నోటీసుకు మాత్రం పోవాలె, పోకుంటే అదే అరెస్టుకు సాకయితది. ఫోన్ తీస్కుంటే జప్తు కాయితం కాపీ అడగాలె. వకీలుకు పైసల్లేవా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కోర్టులల్ల జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నయ్. ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు, కస్టడీల ఉన్నోళ్లకు ఆదాయం అడగకుంటనే ఉచితంగ వకీలును పెడతరు.