అప్పు పుట్టని గల్లీ

"మీకేంటండీ, నవాబుల పిల్లలు!" అంటారు తోటి ఉద్యోగులు. నవ్వుతూనే అంటారు. హైద్రాబాదులో ప్రతి ముస్లిం వెనకా ఒక దేవిడీ, అమ్ముకు తిన్నా తరగని జాగాలూ ఉంటాయని వాళ్ళ నమ్మకం. మా దాదా కిరాయి ఇంట్లో పుట్టి కిరాయి ఇంట్లోనే పోయాడు. మా అబ్బాకి అరవై గజాల జాగా కొనడానికి పదకొండేళ్ళు పట్టింది. నవాబుల మహళ్ళ చరిత్ర చాలామంది రాశారు. ఈ అరవై గజాల చరిత్ర ఎవరు రాయాలి?

1908 సెప్టెంబరులో మూసీ వరద వేల ప్రాణాల్ని, ఇళ్ళని ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వేసింది, ఇళ్ళు కట్టింది. సర్కారు కొలువున్నవాడికి నెల జీతం నమ్మకం. ఆ జీతం మీదే కిరాణా, కిరాయి, పెళ్ళిళ్ళు అన్నీ నడిచాయి.

1948 సెప్టెంబరులో ఆ నమ్మకం కూలింది. పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యాకాండపై సుందర్‌లాల్ కమిటీ విచారించి, తక్కువలో తక్కువ లెక్కగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఇళ్ళు, భూములు లాక్కోవడం గురించీ రాసింది. ఆ నివేదిక 2013 దాకా జనం ముందుకు రాలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు కావలసిందే. కానీ జాగీర్దారుతో పాటు అతని గుమస్తా, వంటమనిషి, కాపలావాడు కూడా వీధిన పడ్డారు. వాళ్ళకి అమ్ముకోవడానికి హవేలీలు లేవు.

1950లో కాందిశీకుల ఆస్తి చట్టం వచ్చింది. ఒక అన్న పాకిస్తాన్ వెళ్తే, ఉమ్మడి ఇంట్లో అతని వాటాకి కస్టోడియన్ హక్కుదారు. ఉండిపోయిన తమ్ముడి ఇంటి మీద కూడా అనుమానం నీడ. అలాంటి ఇంటిని ఎవరు కొంటారు? దాని మీద ఎవరు అప్పిస్తారు? సర్కారు ఆఫీసుకి కాయితం పట్టుకెళ్తే లాభమో నష్టమో తెలియని రోజులవి. ఆ భయం మా వాళ్ళలో చాలాకాలం ఉండిపోయింది.

1973లో నూనె ధరలు పెరిగాక గల్ఫ్ దారి తెరుచుకుంది. జిద్దా, దుబాయ్ నుంచి వచ్చిన పైసలు టోలీచౌకీ వంటి చోట్ల ప్లాట్లుగా మారాయి. వాటితో పాటే నోటరీ కాయితాలు, జీపీఏలు. రిజిస్ట్రేషన్ ఖర్చు మిగిలిందనుకున్నాం. చాలా జాగాలకి లేఅవుట్ అనుమతి లేదు, అమ్మినవాడి ఇంట్లో పంపకాలు కాలేదు. జీపీఏతో, అగ్రిమెంటుతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అప్పటికి మన గల్లీలన్నీ కట్టేసి ఉన్నాయి.

మధ్యలో 1978, 1984, 1990 అల్లర్లు. పాతబస్తీ నుంచి హిందువులు అటు, తమవాళ్ళు తక్కువున్న బస్తీల నుంచి ముస్లింలు ఇటు. "మనవాళ్ళున్న గల్లీ" అన్న ఒక్క మాటకి రేటు పెరిగింది. భయానికి కూడా గజానికింత అని ధర కట్టారు.

మరి కొనడానికి డబ్బెక్కడిది? అబ్బా కథే చెప్తాను. అమ్మీ గాజులు, రెండు చిట్టీలు. ముందు ఒక గది, పైన రేకులు. రెండేళ్ళకి ముందు గది కట్టి కిరాయికిచ్చాడు. ఆ కిరాయి మూడో చిట్టీకి పోయింది. చిట్టీ ఎత్తి స్లాబు వేశాడు. కింద పోర్షన్ కిరాయి, పైన మేము. పింఛను లేని దర్జీకి ఆ పోర్షనే పింఛను.

పక్కింటివాళ్ళు రెహన్ పెట్టారు. అప్పిచ్చినవాడు ఆ ఇంట్లో ఉంటాడు. అప్పుకి వడ్డీ లేదు, ఇంటికి కిరాయి లేదు. వడ్డీ లేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటారు. అప్పు మీద లాభం తినడం కూడా వడ్డీయేనని ఉలేమాలు చెప్తూనే ఉన్నారు. 1966 నుంచి నగరంలో ఉన్న తూర్ బైతుల్‌మాల్ లాంటివి వడ్డీలేని చిన్న అప్పులిచ్చాయి. కానీ చిన్న అప్పుతో ఇల్లు లేవదు.

1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు వచ్చాయి. మధ్యతరగతి ఇరవై ఏళ్ళ వాయిదాల మీద ఇళ్ళు కొనడం నేర్చింది. మన గల్లీ దగ్గర ఆ దారికి మూడు తాళాలు. ఒకటి సూద్. 10 లక్షలు 9 శాతానికి ఇరవై ఏళ్ళకి తీసుకుంటే నెలకి సుమారు 9 వేలు. మొత్తం కట్టేది 21 లక్షల 59 వేలు. రెండోది నోటరీ కాయితం. మూడోది మన చిరునామా. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువున్న ప్రాంతాలను అప్పివ్వకూడని జోన్లుగా గుర్తిస్తున్నాయని 2006లో సచార్ కమిటీ రాసింది. మొదటి తాళం మన నమ్మకం వేసింది. మూడోది ఎవరు వేశారు?

వడ్డీ లేకుండా ఇల్లు కొనే పద్ధతి లేదా? ఉంది. బ్యాంకు, కొనేవాడు కలిసి కొంటారు. బ్యాంకు వాటాకి కిరాయి కడుతూ ఆ వాటాని కొంచెం కొంచెంగా కొనుక్కోవాలి. ఆ కిరాయిని మళ్ళీ వడ్డీ రేటుకే ముడిపెడుతున్నారన్న విమర్శ కూడా ఉంది. బ్రిటన్‌లో 1997లో ఇలాంటి పథకాలు మొదలయ్యాయి. ఇల్లు రెండుసార్లు చేతులు మారుతుందని రెండుసార్లు పడుతున్న స్టాంపు డ్యూటీని 2003లో అక్కడి ప్రభుత్వం తీసేసింది. ఇక్కడ 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగుని సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన మానుకుంది.

ఇంతవరకూ ఎదుటివాళ్ళ లెక్క. ఇప్పుడు మన లెక్క.

అబ్బా పోయాక ఇంటిని 24 పాళ్ళు చేస్తే అమ్మీకి 3, ఆపాకి 7, నాకు 14. ఆపా వాటా కొందామని బ్యాంకుకి వెళ్ళాను. నోటరీ కాయితం చూసి అటు జరిపారు. ఆపాతో "డబ్బు లేదు ఆపా, చూద్దాం" అన్నాను. ఆ చూద్దాం తొమ్మిదేళ్ళు సాగింది. కింద పోర్షన్ కిరాయి నెలనెలా నేనే తీసుకున్నాను.

ఒక రంజాన్ రోజున ఆపా అంది: "వడ్డీ హరామని బ్యాంకు గుమ్మం ఎక్కవు. నా కిరాయి హలాలేనా భాయ్?"

జవాబు లేకపోయింది. ఆ నెల నుంచి 24లో 7 పాళ్ళ కిరాయి ఆపాకి పంపుతున్నాను. తొమ్మిదేళ్ళ బాకీ కూడా వాయిదాల్లో తీరుస్తున్నాను. చేతిలో డబ్బున్నప్పుడు ఒక్కో పాలు కొంటున్నాను, కొన్నంత మేర కిరాయి తగ్గుతుంది. ఇప్పటికి మూడు పాళ్ళు అయ్యాయి. బ్యాంకు ఇవ్వని పద్ధతిని ఇంట్లోనే మొదలుపెట్టాం.

మన గల్లీకి అప్పు ఎందుకు పుట్టదో అడగాల్సిందే. రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే. దానికన్నా ముందు ప్రతి ఇంట్లో ఒకసారి లెక్క తీయండి. మీ ఆపా వాటా ఎవరి పోర్షన్‌లో ఉంది?